చిన్న ఫర్నిచర్ కారఖానాలు – విద్యుత్ పొదుపు

గత జూన్ మాసంలో మన కళాశాలకు నలభై కొత్త బల్లలు వచ్చిన సంగతి విద్యార్థులు మరచి ఉండరు. వచ్చిన నాడు అవి చూడముచ్చటగా ఉన్నవి. పాలిష్ వాసన కూడా పోకముందే వాటిమీద పేర్లు చెక్కిన వారున్నారు. అది వేరే విషయం. సంక్రాంతి సెలవుల అనంతరం తరగతులకు తిరిగి వచ్చి చూడగా కొన్ని బల్లల పలకల నడుమ అగ్గిపుల్ల దూరేంత సందు ఏర్పడింది. కొన్నింటి కాళ్లు కీళ్ల వద్ద వదులై ఊగసాగినవి. వడ్రంగి మోసం చేశాడని అనుకొన్న వారిలో మేమూ ఉన్నాము.

ఆ బల్లలు చేసిన కారఖానా మన వీధికి మూడో సందులోనే ఉన్నది. దాని యజమాని కుమారుడు మన బి.కాం. విద్యార్థి. అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆ పెద్దమనిషి వద్దకు మేము కొంత కోపంతోనే వెళ్లాము. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, అన్నారు: “సార్, కలప పచ్చిదని నాకు తెలియదా? మీ ఆర్డరు మే నెల ఆఖరున వచ్చింది. జూన్ పదిహేనుకు బల్లలు కావాలన్నారు. తక్కువ ధర వేసినవానికి పని ఇచ్చారు. ఎండబెట్టేది ఎప్పుడు? ఎవరి డబ్బుతో?” తరువాత గల్లా పెట్టె కింది నుండి కరెంటు బిల్లుల కట్ట తీసి మా చేతిలో పెట్టారు. “బల్లలో నాకు మిగిలినది ఇందులో పోయింది” అన్నారు.

ఈ వ్యాసానికి మూలం ఆ బిల్లుల కట్ట. సాహిత్యం బోధించే మాకు మోటార్ల సంగతి అంతగా తెలియదు. కావున భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుని వెంటబెట్టుకొని ఆ కారఖానాకు, దాని చుట్టుపక్కల ఉన్న మరి కొన్నింటికి పలుమార్లు వెళ్లాము. అక్కడ చూచినదీ, ఆయన విడమరచి చెప్పినదీ ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ కారఖానాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. రేకుల షెడ్డు, అయిదారుగురు పనివారు, ఒక గుండ్రటి రంపపు మిషను, ఒక రందా మిషను, రంధ్రాలు వేసే మిషను, పాలిష్ చల్లడానికి గాలి కంప్రెసర్. రందా అన్నా చిత్రిక అన్నా పనిముట్టు ఒకటే. ఒకే షెడ్డులో ఒక పనివాడు రందా కొట్టమంటాడు, మరొకడు చిత్రిక పట్టమంటాడు, ఇద్దరికీ పని ఒకటే అర్థమవుతుంది. మన కళాశాలకు ఇంతకంటె తగిన ఉపమానం మాకు దొరకలేదు.

ఇక విద్యుత్తు విషయం. మన దేశంలో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో అధికభాగం బొగ్గు నుండి వస్తున్నది. రామగుండంలో గాని కొత్తగూడెంలో గాని కొలిమిలో మండే బొగ్గు మన గోడమీది మీటరులో యూనిట్లుగా తిరుగుతుంది. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు మొదలైనవన్నీ కలిపి సగటు తీసినా ఒక యూనిట్ వాడినప్పుడు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశంలోకి చేరుతుందని లెక్క. అందుచేత చిన్న కారఖానాదారుకు కర్బన ఉద్గారాలను గురించి ప్రత్యేకంగా ఉపన్యసించనవసరం లేదు. అతని కరెంటు బిల్లే అతని ఉద్గారాల చిట్టా. ఒకటి తగ్గితే రెండవది తనంతట తానే తగ్గుతుంది.

విద్యుత్ పొదుపు అనగానే కొత్త మిషన్లు కొనడమని అందరూ తలుస్తారు. మేమూ అట్లే తలచాము. కాని షెడ్డులో ఒక ఉదయమంతా కూర్చొని చూస్తే తెలిసినది వేరు. రంపపు మిషను మోటారు ఉదయం వేసినది వేసినట్లే తిరుగుతున్నది. పనివాడు పలకను కొలుస్తాడు, గీత గీస్తాడు, మరొకనితో మాట్లాడుతాడు, పలక తెచ్చి కోస్తాడు. కోత అర నిమిషం, తయారీ అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ మోటారు, బెల్టు, రంపపు చక్రం గాలిని కోస్తూ తిరుగుతూనే ఉంటాయి.

ఈ వృథాను ఎంతని కొలవడం? మేము ఉత్సాహంగా క్లాంప్ మీటరు, అనగా తీగ చుట్టూ పటకారులా పట్టి కరెంటు చూపే పరికరం, తీసుకొని వెళ్లాము. మా మిత్రుడు నవ్వాడు. పని లేక తిరిగే మోటారు ఆంపియర్లు బాగానే లాగుతుంది గాని, అందులో అధికభాగం అయస్కాంత క్షేత్రం కొరకు అటూ ఇటూ ఊగులాడేదే. నిజంగా ఖర్చయ్యే శక్తి అంతకంటె తక్కువ. ఆంపియర్లు చూచి లెక్క వేస్తే నష్టం ఉన్నదానికంటె ఎక్కువగా కనబడుతుంది. సరియైన మార్గం సులభమైనది: మిగిలినవన్నీ ఆపి, ఆ ఒక్క మిషనును కోత లేకుండా అరగంట తిప్పి, గోడమీది మీటరులో ముందు, వెనుక అంకెలు చూచుకొనడమే. దీనికి పరికరం కొననక్కర లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలడు.

మోటారును, బెల్టును బట్టి ఈ సంఖ్య మారుతుంది. అయిదు హార్స్‌పవర్ మోటారుకు గంటకు ఒక యూనిట్ అనుకొందాం. రోజుకు మూడు గంటలు ఊరక తిరిగితే మూడు యూనిట్లు. ఏడాదికి 300 పనిదినాలు గనుక 900 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయల చొప్పున 7,200 రూపాయలు. బొగ్గుపులుసు వాయువు 630 కిలోలు. ఇది ఒక్క మిషను సంగతి.

అయితే ప్రతి కోతకూ మోటారును ఆపి వేయమని మేము చెప్పడం లేదు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. నిమిషానికొకసారి ఆపి వేస్తూ ఉంటే వైండింగు వేడెక్కి కాలిపోతుంది. చేయవలసినది పని క్రమాన్ని మార్చడం. ముందు పలకలన్నిటికీ గీతలు గీసి, ఒకే కొలత కోతలన్నీ ఒకచోట పేర్చి, అప్పుడు మోటారు వేసి, ఒకేసారి కోసి, ఆపివేయాలి. ఉస్తాద్ ఇది విని, తన తండ్రి చేతిరంపం కాలంలో ఇట్లే చేసేవారన్నారు. చేయి నొప్పి పుట్టేది గనుక అప్పుడు ఎవరూ ఊరక కోసేవారు కారట. మోటారుకు నొప్పి లేదు. దాని నొప్పి నెలాఖరున బిల్లులో కనబడుతుంది.

ఇక మోటారు కాలిపోయినప్పుడు ఏమి చేస్తారు? వీధి చివర వైండింగు దుకాణంలో ఇస్తారు. మరుసటి రోజుకు తిరిగి వస్తుంది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. పాత తీగ తీయడానికి మోటారును మంటలో కాల్చినప్పుడు లోపలి ఇనుప రేకుల నడుమ ఉన్న పూత చెడుతుంది. కొత్తగా చుట్టే తీగ ఒక్కొక్కప్పుడు సన్నదై ఉంటుంది. మోటారు తిరుగుతుంది, శబ్దమూ మామూలే. కాని అదే పనికి ఎక్కువ విద్యుత్తు తింటుంది. ఉదాహరణకు 3.7 కిలోవాట్ల పని ఇచ్చే మోటారు సామర్థ్యం నూటికి 88 నుండి 80కి దిగిందనుకొందాం. 4.2 కిలోవాట్లు లాగవలసినది 4.6 లాగుతుంది. పూర్తి భారంతో ఏడాదికి 1,500 గంటలు నడిస్తే సుమారు 630 యూనిట్లు అధికం. కావున మళ్లీ కాలినప్పుడు ఆ మోటారును చుట్టించక, మంచి సామర్థ్యం గల కొత్తది కొనడం మేలు. గమనింపదగిన విషయమేమనగా, ఈ 630 యూనిట్లు ఇంతకుముందు చెప్పిన 900 కంటె తక్కువ. డబ్బు ఖర్చు లేని పొదుపు డబ్బు ఖర్చయ్యే పొదుపు కంటె పెద్దది కావడం లోకంలో తరచుగా జరగదు. ఇక్కడ జరుగుతున్నది.

కంప్రెసర్ సంగతి ఇంకా విచిత్రం. గాలిని నొక్కి వాడుకొనడం శక్తిని వాడే పద్ధతులలో ఖరీదైనది. మోటారుకు ఇచ్చిన విద్యుత్తులో పదో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే చివర పనిముట్టు వద్ద పనికి వస్తుంది. మిగిలినది వేడిగా పోతుంది. ఇంత ఖరీదైన గాలి గొట్టం అతుకుల వద్ద సన్నగా కారిపోతూ ఉంటుంది; మిషన్ల రొదలో ఎవరికీ వినబడదు. సాయంకాలం పని ఆగిన తరువాత పనిముట్లన్నీ మూసి కంప్రెసర్‌ను మాత్రం వేసి ఉంచి చూడండి. ట్యాంకు నిండగానే అది ఆగుతుంది. గాలి ఎవరూ వాడకపోయినా కొంతసేపటికి తిరిగి మొదలయితే ఆ గాలి కారిపోతున్నదన్నమాట. ఒకటిన్నర నిమిషం నడిచి నాలుగున్నర నిమిషాలు ఆగిందనుకోండి: ఆరు నిమిషాలలో ఒకటిన్నర, అనగా కంప్రెసర్ శక్తిలో నాలుగో వంతు అతుకులపాలు. సబ్బు నీళ్లు పూస్తే బుడగలు వచ్చిన చోటు కనబడుతుంది. పది రూపాయల వాషరు చాలు. ఒక కారఖానాలో రాత్రి మెయిన్ ఆపే అలవాటే లేదు. ఎవరూ లేని షెడ్డులో తాళం వెనుక కంప్రెసర్ తెల్లవార్లూ లేచి పడుకొంటూ ఉండేది. కాపలావాడు దయ్యమనుకొన్నాడట.

ఒత్తిడిని అవసరానికి మించి పెట్టడం మరొక వృథా. దానిని ఒక బార్ తగ్గిస్తే విద్యుత్తులో నూటికి ఆరేడు వంతులు మిగులుతుంది.

దీపాల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. చాలామంది ఇప్పటికే ఎల్.ఇ.డి. గొట్టాలకు మారారు. పాత చోకులతో మిణుకుమిణుకుమనే గొట్టాలు మిగిలిన చోట వాటిని మార్చడం కంటె తేలికయిన లాభం లేదు. రేకుల నడుమ ఒక పారదర్శకమైన రేకు వేస్తే పగలు అది కూడా అక్కర లేదు. కాని బజారులో ప్లగ్గుకు పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే చిన్న పెట్టెలను మాత్రం కొనవద్దని మా మిత్రుడు గట్టిగా చెప్పమన్నాడు. అతడు ఒకటి విప్పి చూపించాడు: ఒక కెపాసిటరు, ఒక ఎర్రదీపం. వెలిగేది ఆ ఎర్రదీపం ఒక్కటే. ఇంకొక మాట. పొట్టును లాగే ఫ్యాను ఉన్నచోట బిల్లు కోసమని దానిని ఆపకూడదు. కలప ధూళి మనుష్యులలో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే నిర్ధారించింది. పనివాని ఊపిరి మీద చేసే పొదుపు మాకు సమ్మతం కాదు.

ఇప్పుడు మళ్లీ బల్లల వద్దకు వద్దాము, ఎందుకనగా అసలు విషయం కలపలోనే ఉన్నది.

చెట్టు కొట్టి కోసిన పలకలో నీరు ఉంటుంది. పూర్తిగా ఎండిన కలప బరువుతో పోల్చి నీటి బరువును శాతంగా చెబుతారు. ఈ తేమ నూటికి 30 ప్రాంతానికి దిగేవరకు పలక కొలతలో మార్పు ఉండదు; కణాల బోలులో ఉన్న నీరు మాత్రమే పోతుంది. ఆ తరువాత కణాల గోడలలోని నీరు పోవడం మొదలవుతుంది, అప్పుడు పలక కుదించుకొంటుంది. వలయాల వెంబడి ఎక్కువగా, వలయాలకు అడ్డంగా అందులో దాదాపు సగం. అందుకే పలక వంకర పోతుంది. మన బల్లలు జూన్‌లో వచ్చినవి. వానాకాలం గడిచి చలికాలపు పొడిగాలికి తరగతి గదిలోనే ఎండసాగినవి. కారఖానాలో జరగవలసిన కార్యం మన విద్యార్థుల మోచేతుల కింద జరిగిందన్నమాట.

ఎండబెట్టడానికి వేడి గదులున్నవి. వాటిలో పలకలు పేర్చి వేడిగాలి తిప్పితే రోజులలో ఎండుతాయి. కాని నీటిని ఆవిరి చేయడం చవక పని కాదు. ఒక ఘనమీటరు కలప తీసుకొందాం. ఎండినప్పుడు దాని బరువు 600 కిలోలు, పచ్చిగా ఉన్నప్పుడు తేమ నూటికి 60, కావలసినది 12. అనగా 288 కిలోల నీరు పోవాలి. ఆ నీటిని ఆవిరి చేయడానికే సుమారు 180 యూనిట్లకు సమానమైన వేడి కావాలి. గది గోడల నుండి, బయటకు వదిలే తేమగాలి నుండి పోయే వేడిని కలిపితే ఇది రెట్టింపు అయినా ఆశ్చర్యం లేదు. అదే పలకలను ముందుగా నీడన గాలికి ఆరబెట్టి తేమను 20కి దించితే 288 కిలోలలో 240 కిలోల నీరు ఊరకనే పోతుంది. ఆరింట అయిదు వంతులు! మిగిలిన కొంచెమే వేడి గదికి వదలవచ్చు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ వారు ఎండ వేడితోనే నడిచే గదులను కూడా రూపొందించారు. మన తెలంగాణ వేసవి గాలికి ఇంకొక గొప్పదనమున్నది: అది మనుష్యులకు ఎంత బాధాకరమో కలపకు అంత హితకరం.

పద్ధతి తెలియని వడ్రంగి లేడు. పలకలను నేలకు జానెడు ఎత్తున దిమ్మెల మీద, పలకకు పలకకు నడుమ ఒకే మందం గల కర్రముక్కలు పెట్టి పేర్చాలి. మీద నీడ ఉండాలి. కొసలకు రంగు పూయాలి. లేకుంటే కొసలు త్వరగా ఎండి చీలుతాయి. అంగుళం మందం పలకలు వేసవి రెండు మూడు నెలలలో చాలావరకు ఆరుతాయి.

మరి ఎందుకు చేయరు? ఇక్కడే ఉస్తాద్ అడిగిన రెండవ ప్రశ్న ఉన్నది: ఎవరి డబ్బుతో? మూడు నెలలు కలప పేర్చి ఉంచడమంటే మూడు నెలలు డబ్బును పేర్చి ఉంచడమే. పెద్ద కంపెనీకి అది లెక్కలోనిది కాదు. దుంగ అప్పుగా తెచ్చి, బల్ల అమ్మి అప్పు తీర్చేవానికి అది సాధ్యం కాదు. పైగా మన వీధి కారఖానాలలో అధికభాగం అద్దె షెడ్లు. కప్పు యజమానిది, మీటరు యజమాని పేర, బిల్లు మాత్రం అద్దెదారుది. కప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకోమని సలహా చెప్పేవారు ఈ సంగతి గమనించరు. వచ్చే ఏడాది తాను ఆ షెడ్డులో ఉంటాడో లేదో తెలియనివాడు ఇతరుల కప్పు మీద డబ్బు పెట్టడు.

ప్రభుత్వ సహాయం లేదని కాదు. 2001 ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ మోటార్లకు, ఫ్యాన్లకు నక్షత్రాల గుర్తులు ఇస్తున్నది. 2025 జూలైలో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ చిన్న పరిశ్రమలు పొదుపైన యంత్రాలు కొనడానికి 1,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రారంభించింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల అప్పుపై వడ్డీలో 5 శాతం ప్రభుత్వం భరిస్తుంది. మంచిదే. కాని దానికి ఎన్నుకొన్నవి శక్తిని అధికంగా వాడే 14 రంగాలు: ఇత్తడి, ఇటుక, గాజు, తోలు, కాగితం, వస్త్రం మొదలైనవి. ఫర్నిచర్ అందులో లేదు. మరొక ద్వారం తెరిచి ఉన్నది: 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం. అందులోని 18 చేతివృత్తులలో వడ్రంగం ఉన్నది. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట ఒక లక్ష, తరువాత రెండు లక్షల వరకు అప్పు. మేము వెళ్లిన కారఖానాలలో దీనిని విన్నవారున్నారు, దరఖాస్తు పెట్టినవారు తక్కువ. ఫారములు నింపడంలో సహాయం చేయడానికి బి.కాం. విద్యార్థులు చాలరా?

మన నగరంలోనే యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ ఉన్నది. 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదుకు వచ్చినది. అచ్చటి శిక్షణల వార్త మూడో సందు దాకా వచ్చే దారి మాత్రం లేదు. ఆ దారి మన విద్యార్థులే కాగలరు. ఇద్దరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులు, ఒక వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఒక కారఖానాలో వారం రోజులు కూర్చొని మీటరు చూచి, గాలి కారే అతుకులకు సబ్బు నీళ్లు పూసి, ఉర్దూలోను తెలుగులోను ఒక పుట వ్రాసి ఇస్తే అది ఆ కారఖానాకు వెయ్యి రూపాయల సలహాదారు చేసే పని. విద్యార్థికి అది ప్రయోగశాల.

కమిటీ వారికి మా మనవి వేరు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. చెట్టు గాలి నుండి తీసుకొన్నది అది. నలభై బల్లలలో కలిసి 600 కిలోల కలప ఉన్నదనుకొంటే 300 కిలోల కర్బనం, అనగా 1,100 కిలోల బొగ్గుపులుసు వాయువు మన తరగతి గదులలో బంధింపబడి ఉన్నది. రంపపు మిషను ఏడాదంతా ఊరక తిరిగి వదిలే దానికి ఇది రెట్టింపుకు దగ్గర. బల్ల పదిహేనేండ్లు నిలిస్తే అది అక్కడే ఉంటుంది. కీళ్లు ఊడి మూడేండ్లలో పొయ్యిలోకి పోతే తిరిగి గాలిలో కలుస్తుంది. కొత్త బల్ల కొరకు మరొక చెట్టు పడుతుంది, మోటారు మళ్లీ తిరుగుతుంది. దీనికి కారణం కారఖానా ఒక్కటే కాదు. మే నెలలో ఆర్డరు ఇచ్చి జూన్‌లో అడిగిన మనము కూడా కారణమే. ఆ మాట వ్రాయడానికి మేము సంకోచించాము గాని, బిల్లుల కట్ట చూచిన తరువాత వ్రాయక తప్పలేదు.

వచ్చే సంవత్సరానికి మరి నలభై బల్లలు కావాలని విన్నాము. ఉస్తాద్ లెక్క ప్రకారం వృథా కలుపుకొని యాభై ఘనపుటడుగుల కలప. దాని వెల ముందుగా ఇస్తే మార్చి నెలాఖరులోగా దుంగ కోయించి, మన క్రీడాస్థలం వెనుక ఖాళీ షెడ్డులో నీడన పేర్చడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు. ఏప్రిల్, మే నెలల గాలి దానిపని అది చేస్తుంది. పలకలు మన ఆవరణలోనే ఉంటాయి గనుక ముందుగా ఇచ్చిన డబ్బుకు భయం లేదు. తేమ కొలిచే చిన్న మీటరు భౌతికశాస్త్ర శాఖ కొనగలదు. 15 శాతానికి దిగనిదే పని మొదలుపెట్టనని ఆయన వ్రాసి ఇస్తానన్నారు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే నాటికి మార్చి మొదటి వారం. కమిటీ సమావేశం ఈ నెల మూడో వారంలో ఉన్నది.